రుకో వేళ కదిలిన చెయ్యి

పరీక్షలో తప్పిన డెబ్బై మూడో నంబరు శాంపిల్ తెర మీద రెండు బ్యాచ్‌ల పక్కనా కనిపించేసరికి, బాలమణి చేతిలోని చాయ్ గ్లాసును బల్ల మీద పెట్టబోయి గాలిలో వదిలేసింది.

గ్లాసు భళ్లున పగిలింది. ఆమె కిందికి చూడలేదు.

బ్యాచ్ 214, శాంపిల్ 73. బ్యాచ్ 215, శాంపిల్ 73. డెబ్బై నాలుగో శాంపిల్ ఎక్కడా లేదు.

ఒక సీసా రెండు బ్యాచ్‌లలో పుట్టదు. రెంటిలో ఏదో ఒకటే చెడ్డది, రెండోది మంచిది. ఏది చెడ్డదో తెర చెప్పడం లేదు. 214వ బ్యాచ్ నిన్న సాయంత్రమే లారీ ఎక్కి రాయికోడ్ దవాఖానాకు పోయింది. వాంతులు, విరేచనాలతో మూడు రోజులుగా అక్కడ పడి ఉన్న ముప్పై ఒక్క మంది నరాల్లోకి ఈ క్షణాన చుక్కచుక్కగా దిగుతున్న సెలైన్ అదే.

1988 ఆగస్టు నెల. పొద్దున పదిన్నర. జహీరాబాద్ దాటి బొంబాయి రోడ్డు మీద చిరాగ్‌పల్లి వైపు పోతుంటే వచ్చే సెలైన్ ఫ్యాక్టరీలో, కంప్యూటర్ గదికి బాలమణి ఇన్‌చార్జి. ఎనిమిదింటికి కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది, మూడోసారి ఉన్నదానికి రెండింతలై వచ్చింది. డిస్కు లోపల రేకు మీద మేకుతో గీసినట్టు చప్పుడైంది. అంతే, దాని ప్రాణం పోయింది. బాలమణి బెదరలేదు. బీరువాలోని కొత్త డిస్కు బిగించి, నిన్న సాయంత్రం తీసిన టేపును దాని మీదికి ఎక్కించింది. ఆ టేపు మీద ఆమెకు అంత నమ్మకం. ఆ నమ్మకమే ఇప్పుడు తెర మీద నుంచి వెక్కిరిస్తోంది.

ఆ ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉంది. గోదాంలో ప్రతి బ్యాచ్ నుంచి ఒక సీసా తీసి, లేబుల్ ఊడబీకి, నంబరు చిట్టీ ఒకటి అంటించి పరీక్ష గదికి పంపుతారు. అక్కడి ఈరయ్యకు అది ఏ బ్యాచ్ సీసానో తెలియదు. తెలిస్తే మొహమాటానికి పోతాడని భయం. ఏడు రోజులు చూసి 73 తప్పింది, 74 నెగ్గింది అని అతను మిషన్‌లో కొడతాడు. ఏ చిట్టీ ఏ బ్యాచ్‌దో చెప్పే జోడీ మిషన్‌లో మాత్రమే ఉంటుంది. కాగితం ఉంటే ఎవరో ఒకరు తొంగి చూస్తారని కాగితమే లేకుండా చేశారు. ఇప్పుడా తెలివే మెడకు చుట్టుకుంది.

ఆమె ఫోన్ అందుకుంది. రాయికోడ్‌లో రోగం మొదలైనప్పటి నుంచి ఎక్స్చేంజ్ వాళ్లు ఆ లైన్‌ను ఈ ఫ్యాక్టరీకే వదిలేశారు. డాక్టర్ బస్వరాజ్ గొంతు మూడు రోజుల నిద్ర లేనితనంతో బొంగురుపోయి ఉంది. సీసాల మీద ఏ నంబరుందో చూడమని అడిగింది. అన్నిటి మీదా 214 అనే ఉందన్నాడు. ఎవరికైనా చలి వణుకు వస్తోందా అని అడిగింది. నలుగురికి వస్తోంది, కానీ ఈ వార్డులో వణకని వాడెవడో ముందు తనకు చెప్పమన్నాడు.

"ఏం, మంచిది కాదా?"

"ఐదు నిమిషాలు ఇయ్యండి సార్."

"నా దగ్గర గవే లేవమ్మ."

మేనేజర్ మదన్‌మోహన్ అప్పటికే గదిలోకి వచ్చాడు. సంగతి విని గోడకు చేరగిలబడ్డాడు. మళ్లీ పరీక్ష చేద్దామంటే ఏడు రోజులు. కంటితో చూసి చెబుదామంటే రెండు బ్యాచ్‌ల నీళ్లూ అద్దంలా ఉన్నాయి. గోదాంలో 215 పెట్టెలు నలభై ఉన్నాయి, పంపుదామంటే చెడ్డది అదే కావచ్చు. వేరే సెలైన్ తెమ్మని సంగారెడ్డికి జీపు పంపాడు కానీ ఎంత తోలినా అది రాయికోడ్ చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటుతుంది.

జేబులోంచి గేట్‌పాస్ నకలు తీసి ఆమె ముందు పెట్టాడు. నిన్న నాలుగుంపావు దాటాక మిషన్ అచ్చువేసింది. 214, పాస్.

"మిషనే పాస్ అన్నది. ఇంకేం గావాలె నీకు? డ్రిప్పులు నడవనీయ్."

"పావుగంట ముందు గదే మిషన్ ఏమన్నదో గది గావాలె సార్."

బాలమణి తండ్రి రామ్‌కిషన్ రైల్వే మనిషి. ఒంటి లైను మీద టోకెన్ చేతికందనిదే డ్రైవర్ బండి కదపడు. లైను మీద ఇంకో బండి లేదనడానికి ఆ టోకెనే సాక్షి. రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన బాలమణి అదే పద్ధతిని ఇక్కడికి తెచ్చింది. ఫ్యాక్టరీలో నాలుగు సీట్లు ఉన్నాయి. పరీక్ష గది, స్టోర్, గోదాం, మేనేజర్ కేబిన్. ఒక్కో సీటుకు ఒక ఇత్తడి బిళ్ల చేయించింది. రోజూ సాయంత్రం నాలుగింటికి గంట కొట్టి, ఆగమని "రుకో" అంటుంది. నలుగురూ చేతిలో పని ముగించి, మిషన్‌లోంచి బయటికొచ్చి, బిళ్ల తెచ్చి ఆమె గదిలో కొక్కేనికి తగిలించాలి. నాలుగు బిళ్లలూ వేలాడాకే టేపు తిరగడం మొదలవుతుంది. పద్దెనిమిది నిమిషాలు. అంతసేపూ ఎవరూ ఒక్క అక్షరం కొట్టకూడదు.

ఎందుకని మొదట్లో అందరూ అడిగారు. దగ్గర్లోని ఝరాసంగంలో గొర్రెల్ని ఎట్లా లెక్కపెడతారో చెప్పింది. ఈ దొడ్డిలోంచి ఆ దొడ్డిలోకి గొర్రెలు దాటుతుండగా లెక్కపెడితే ఒక గొర్రె రెండుసార్లు వస్తుంది, ఇంకోటి అసలే రాదు. టేపు కూడా డిస్కును ఈ కొస నుంచి ఆ కొసకు చదువుకుంటూ పోతుంది. మధ్యలో ఎవరైనా రాస్తే ముందు సగం పాతది, వెనక సగం కొత్తది అవుతుంది. విన్నారు, నవ్వారు, మరిచిపోయారు. నెల తిరిగేసరికి ఆ పద్దెనిమిది నిమిషాలకు వరండాలో చాయ్ ఏర్పాటైంది. ఏడాది తిరిగేసరికి రుకో అంటే చాయ్ అనే అందరికీ స్థిరపడింది. గోదాం రేవణసిద్ధప్ప రోజూ బిళ్ల తగిలిస్తూ ఒకటే మాట అనేవాడు: "రైలు పోరీ, సిగ్నలిచ్చిన, నీ బండి పోనీయ్."

డెబ్బై మూడు రెండుసార్లు వచ్చింది. డెబ్బై నాలుగు అసలే రాలేదు. నిన్న రీలు తిరుగుతుండగా ఎవరో గొర్రెను దాటించారు.

ఆమె పెన్సిల్ తీసుకుంది. 214తో పాత ఫైలు నిండింది, అది డిస్కు మొదట్లో ఉంటుంది. 215తో మొదలైన కొత్త ఫైలు చివర్లో ఉంటుంది. టేపు ముందుగా 214ను చదివింది, అప్పటికి దాని పక్కన 73 ఉంది. పదిహేను నిమిషాలకు 215 దగ్గరికి చేరింది, అప్పటికి అక్కడా 73 ఉంది. అంటే ఈ మధ్యలో ఎవరో రెండు నంబర్లనూ తారుమారు చేశారు. రుకోకు ముందు 214 తప్పింది. రుకో అయ్యాక 214 నెగ్గింది. నెగ్గినట్టు గేట్‌పాస్ పుట్టింది, లారీ పోయింది.

ఒకసారి కొట్టిన జోడీని మార్చడానికి వీలున్న సీటు ఒక్కటే, మేనేజర్‌ది. ఆమె తలెత్తి మదన్‌మోహన్‌ను చూసింది.

"సార్, నిన్న రుకోకు మీరు లాగౌట్ అయిన్రా?"

అతను కిటికీ వైపు తిరిగాడు. లేదన్నాడు. పన్నెండక్షరాల పాస్‌వర్డు పెట్టింది నువ్వే కదా, రోజుకు నాలుగుసార్లు ఎవడు కొడతాడన్నాడు. బిళ్ల మాత్రం తగిలించి చాయ్‌కి పోతానన్నాడు. నిన్ననే కాదు, ఎప్పటినుంచో అంతేనన్నాడు. ఆ మాట అంటూ ఆమె ముఖంలో ఏం చదివాడో, గొంతు మార్చాడు.

"బాలమణీ, నేను మార్చిన్నంటవా?"

రెండు రోజులుగా కలెక్టరాఫీసు నుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నాయి. నిన్న సాయంత్రానికల్లా సెలైన్ చేరుస్తానని ఇతనే మాటిచ్చాడు. నంబరు నిజంగా తప్పుపడి ఉంటే ఎవరైనా పగటిపూట, నలుగురి ముందు, సంతకం పెట్టి దిద్దుతారు. అందరూ బయట ఉన్నప్పుడు దొంగచాటుగా దిద్దేది అబద్ధమే అయి ఉండాలి. ఆమెకు అంతకంటే వేరే దారి కనిపించలేదు. ఫోన్ ఎత్తి, 214 బంద్ చేయమంది.

అవతల వార్డులోకి కేకేసి డ్రిప్పులు ఆపించడం వినిపించింది.

"పదకొండు మంది ఉన్నరు, గంట గూడ ఆగరు," అన్నాడు బస్వరాజ్. "మిగిలినోళ్లకు ఉప్పు చక్కెర నీళ్లు తాపుత. ఈ పదకొండు మందికి అవి కడుపుల నిలుస్తలేవు. నువ్వు చెప్తే బంద్ చేసిన్నని రాసుకుంటున్న. టైము పదకొండు దాటి ఐదు నిమిషాలు."

బాలమణి కుర్చీలో కూలబడింది. ఆమె చెప్పింది నిజమైతే ముప్పై ఒక్క మందిని కాపాడింది. కాకపోతే పదకొండు మంది గొంతు తన చేత్తో నొక్కింది. టేపు మళ్లీ చదివింది. మూడుసార్లు చదివింది. 73, 73. అది ఎంత అడిగినా అంతే చెబుతుంది. గొర్రె దాటిందని మాత్రమే దానికి తెలుసు. ఎందుకు దాటించారో తెలియదు. మదన్‌మోహన్ కేబిన్‌కు పోలేదు, ఆమె గది గుమ్మంలోనే నిలబడి గేట్‌పాస్‌ను మడతపెట్టి విప్పుతూ, తన పిల్లల మీద ఒట్టు, తాను ముట్టుకోలేదని రెండుసార్లు అన్నాడు. ఈరయ్యను పిలిచి అడిగింది. నిన్న మూడున్నరకు ఫలితం కొట్టానని, రుకో అన్నాక అది అయ్యేదాకా చాయ్ దగ్గరే ఉన్నానని అతను చెప్పాడు. స్టోర్ మహాదేవమ్మ మూడు రోజులుగా సెలవులో ఉంది, ఆమె బిళ్ల ఆ మూడు రోజులూ కొక్కెం దిగలేదు. రేవణసిద్ధప్ప నిన్నా ఎప్పటి మాటే అంటూ బిళ్ల తగిలించాడు, అతన్ని అడగాలని ఆమెకు తోచలేదు.

పదకొండూ నలభైకి ఫోన్ మోగింది.

"ఒక ముసలామె పోయింది," అన్నాడు బస్వరాజ్. "డ్రిప్ ఉంటే బతికేదా అంటే నేను చెప్పలేను. లేకుంటే మాత్రం పోయింది. ఇంకో ఇద్దరికి నాడి అందుతలేదు. నాకు ఒక్క మాట గావాలె. పెట్టాల్నా, వద్దా?"

లైన్ అట్లాగే ఉంచమంది బాలమణి. రిసీవర్ బల్ల మీద పెట్టి, మదన్‌మోహన్‌ను పక్కకు తోసుకుని, అతని కేబిన్‌కు పరుగెత్తింది. ఏం వెతకాలో ఆమెకే తెలియదు. ఆ పని జరిగింది అక్కడ, అంతే తెలుసు.

డిస్కు చచ్చినప్పటి నుంచి కేబిన్‌లోని తెర చీకటిగా ఉంది. కిటికీలోంచి వెలుతురు ఏటవాలుగా దాని అద్దం మీద పడుతోంది. వెలుగుతున్నప్పుడు కనిపించనిది ఇప్పుడు కనిపించింది. అద్దం నడుమ తెల్లగా, పొడిపొడిగా, అడ్డంగా మూడు గీతలు. వాటి కింద ముక్కు ఆనిన చుక్క ఒకటి.

విభూతి.

మదన్‌మోహన్ నుదుట కుంకుమ బొట్టు తప్ప ఏదీ పెట్టడు. నాలుగు తెరలనూ రోజూ మధ్యాహ్నం మూడింటికి బాలమణే తన చేత్తో తుడుస్తుంది. ఊడ్చేవాళ్లు కరెంటు భయానికి వాటి దగ్గరికే రారు. నిన్న మూడింటి తర్వాత ఎవరో ఈ కుర్చీలో కూర్చుని, నుదురు అద్దానికి తగిలేంత దగ్గరగా వంగారు. చూపున్న మనిషి తెరను అట్లా చూడడు.

నుదుట రోజూ విభూతి రేఖలు పెట్టుకుని వచ్చే, కాగితం ఇస్తే కళ్లద్దాలు ఇంట్లో మరిచానని పక్కవాళ్ల చేత చదివించుకునే మనిషి ఆమె కళ్ల ముందు మెదిలాడు. పెట్టెల్ని చేత్తో తడిమి లెక్కపెట్టే మనిషి. అది అనుభవం అనుకుని అందరూ మెచ్చుకున్న మనిషి.

గోదాంలో రేవణసిద్ధప్ప 215 పెట్టెల మీద కూర్చుని ఉన్నాడు. యాభై ఆరేళ్లవాడు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, అవి తనవి కానట్టు చూస్తున్నాడు. ఆమె వచ్చిన చప్పుడుకు తలెత్తాడు కానీ ఆమె ముఖం ఉన్న చోటు కాకుండా కాస్త పక్కకు చూశాడు.

"కాకా, ఒకామె పోయింది."

అతను మళ్లీ చేతుల వైపే చూసుకున్నాడు.

"సార్ కేబిన్ల అద్దం మీద నీ విభూతి ఉన్నది."

అతని చెయ్యి దానంతట అదే నుదుటికి పోయింది. అక్కడే ఆగింది. బాలమణి గోడకున్న ఫోన్ దగ్గరికి నడిచింది. తన గదిలో ఎత్తి పెట్టిన లైన్ అందులోనూ పలుకుతోంది. డాక్టర్ ఊపిరి వినిపిస్తోంది. తీగ పొడుగునా లాగి రిసీవర్‌ను అతని చేతిలో పెట్టింది.

"214 మంచిదా, చెడ్డదా? నాకు చెప్పకు కాకా. డాక్టర్ సార్ లైన్ల ఉన్నడు, ఆయనకు చెప్పు."

రేవణసిద్ధప్ప రిసీవర్‌ను రెండు చేతులతో పట్టుకున్నాడు. మాటలు ఆగకుండా వచ్చాయి.

"సార్, నేను రేవణసిద్ధప్పను, గోదాం మనిషిని. 214 మంచిది. చెడ్డది 215, దాని మీదనే కూసున్న, అది ఈడనే ఉన్నది. ముందుగాల బంద్ అయిన డ్రిప్పులు ఇప్పున్రి, ఇప్పుకుంటనే ఇనున్రి. ఎట్ల నమ్మాల్నంటే చెప్త. ఏడాది సంది నాకు కండ్లు కనవడ్తలేవు. బీదర్ల చూపిస్తే మోతిబిందు, కండ్లల్ల పొర వచ్చింది అన్నరు. ఎవ్వరికి చెప్పలే. ఇంక రెండేండ్ల నౌకరి ఉన్నది, కండ్లు లేనోనికి గోదాం ఎవరిస్తరు? వారం కింద రెండు బ్యాచుల సీసాలు ముందట పెట్టుకొని చిట్టీలు అంటిచ్చిన. లేబుల్ చదవరాలే. ఇది 214 అని అందాజ మీద 73 అంటిచ్చి, మిషన్ల గట్లనే కొట్టిన. అంటిస్తుంటే బొటనేలికి మూత గరుకు తాకింది. కొత్త రకం మూత అనుకొని ఊకున్న. నిన్న ఈరయ్య 73 ఫెయిల్ కొట్టిండు. తెరకు మొకం ఆనిచ్చి చూసిన, 214 ఫెయిల్ అని వచ్చింది. అప్పటికే లారీల 214 ఎక్కిచ్చి పెట్టిన. దింపి 215 ఎక్కియ్యాల్నని ఒక పెట్టె ఇప్పిన. ప్రతి మూతకు గరుకే సార్. 214ల చెయ్యి పెట్టిన, అన్నీ నున్నగున్నయి. నీళ్లు అడిగినట్టు చేసి పరీక్ష గదిలకు పోయి 73 సీసా ముట్టి చూసిన. గరుకే. అది 215 సీసా. తారుమారు చేసింది నేను. గా సీసా ఇంక ఈరయ్య దగ్గరనే ఉన్నది, మా బాలమణి పోయి ముట్టి చూస్తది. మా మేనేజర్ సార్‌కు చెప్తే సంతకం పెట్టి మార్చేటోడే. కని ఎట్ల తప్పినవు అని అడుగుతడు. కండ్ల ముచ్చట బయటవడ్తది. బాలమణి రుకో అన్నది. బిళ్ల తగిలిచ్చిన. మా సార్ మిషన్ తెరిచే ఉంటదని అందరికెర్కనే. సార్ కుర్చీల కూసొని, తెర మీదికి వంగి 73 తీసి 74 కొట్టిన, 74 తీసి 73 కొట్టిన. నిజమే రాసిన సార్. రీలు తిరిగేటప్పుడు రాయొద్దని ఈ పోరి ఏడాది సంది చెప్తనే ఉన్నది, నేనది చాయ్ కోసం పెట్టిన ఆగుడనుకున్న. ఇందాక ఈరయ్య వచ్చి, డ్రిప్పులు బంద్ అయినయట కాకా అన్నడు. గప్పుడే ఉరికి రావాలె. లేచిన. మళ్ల కూసున్న. ఇంకో పది నిమిషాలు చూద్దాం, పోరి హుషారుది, నా పేరు లేకుండనే కనుక్కుంటది అనుకున్న. పది గాదు, అర్ధగంట కూసున్న. గా అర్ధగంటల ఆమె పోయింది. మదన్‌మోహన్ సార్‌ది ఏం లేదు, బాలమణిది ఏం లేదు, కాయితం మీద నా పేరే రాయున్రి. రేవణసిద్ధప్ప చెప్పిండు, 214 మంచిది. ఇప్పిన్రా సార్, డ్రిప్పులు? అందరికి ఇప్పిన్రా? గా పోయినామె పేరేంది సార్?"